ఆకాశంలో దారి వెతికినాయన: జె.ఆర్.డి. టాటా



మన గోడపత్రికలో ప్రతి నెలా ఒక గొప్పవారి జీవితం రాస్తున్నాం. ఇప్పటిదాకా కొమురం భీం, అంబేద్కర్, సావిత్రీబాయి ఫూలే, అబ్దుల్ కలాం గార్ల గురించి మన అక్కలు రాశారు. ఈ నెల నా వంతు వచ్చింది. నేను జె.ఆర్.డి. టాటా గారి గురించి రాస్తున్నాను.

టాటా అనంగనే మనకు లారీలు, ఉప్పు ప్యాకెట్, ఇనుప రేకులు గుర్తుకొస్తాయి. ఆయన గొప్పింట్లో పుట్టినాయన, మన లెక్క గూడెంలో పుట్టినాయన కాదు, ఆయన గురించి మనకెందుకని మా రూంలో ఇద్దరు ముగ్గురు అన్నారు. నేను ఆయన డబ్బు గురించి రాయడం లేదు. ఆకాశంలో రోడ్డు ఉండదు, కిలోమీటరు రాయి ఉండదు, ఆగి అడుగుదామంటే మనిషి ఉండడు. రేడియో కూడా లేని రోజుల్లో ఆయన ఒక మ్యాపు, ఒక దిక్సూచి, ఒక గడియారం, రెండు కండ్లు పెట్టుకొని వందల కిలోమీటర్లు దారి తప్పకుండా ఎట్ల పోయారు? అదే నేను రాయాలనుకున్నది. మనలో మ్యాపు అంటే భయపడేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది మనకు పనికొస్తుంది.

బాల్యం

ఆయన పూర్తి పేరు జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. 1904 జులై 29న ఫ్రాన్సు దేశంలో పారిస్ నగరంలో పుట్టారు. తండ్రి రతన్‌జీ దాదాభాయ్ టాటా పార్శీ. తల్లి సుజాన్ ఫ్రెంచి ఆమె. టాటా కంపెనీలు మొదలుపెట్టిన జంషెడ్జీ టాటాకు రతన్‌జీ గారు బంధువు, వ్యాపారంలో భాగస్వామి.

ఫ్రాన్సులో సముద్రం ఒడ్డున హార్డెలో అనే ఊర్లో వాళ్ళకు ఒక ఇల్లు ఉండేది. ఆ ఊర్లోనే లూయీ బ్లేరియో అనే ఆయన ఇల్లు కూడా ఉండేది. ఈ బ్లేరియో ఎవరంటే, 1909 జులై 25న ఫ్రాన్సుకు ఇంగ్లండుకు మధ్య ఉన్న సముద్రాన్ని విమానంలో మొట్టమొదట దాటిన మనిషి. ఆయన ప్రయాణం 37 నిమిషాలు కూడా పట్టలేదు. కానీ ఆ కొద్దిసేపట్లోనే దారి తప్పారు. ఆయన దగ్గర దిక్సూచి లేదు. మంచు కమ్మింది. సుమారు పది నిమిషాలు ముందు వెనక ఏమీ కనబడలేదు, కింద నీళ్ళే. చివరికి ఇంగ్లండు ఒడ్డు కనబడింది గానీ గాలి ఆయన్ను పక్కకు నెట్టేసింది. అప్పుడు ఆయన ఒడ్డు పట్టుకొని తిరిగి డోవర్ అనే ఊరి దగ్గరికి వచ్చారు. అక్కడ ఒక మనిషి ఫ్రాన్సు జెండా ఊపుతూ నిలబడితే, ఆ జెండాను చూసి దిగారు.

నాకు ఈ సంగతి చాలా నచ్చింది. ప్రపంచంలో అంత పేరున్న ప్రయాణం కూడా ఒడ్డును చూసి, జెండాను చూసి పూర్తయింది. కంటికి కనబడే గుర్తులతో విమానం నడపడం అంటే అదే.

అటువంటి మనిషి ఉన్న ఊర్లో పెరిగిన పిల్లవాడికి విమానాల మీద ఆశ పుట్టదా? జె.ఆర్.డి. 15 ఏళ్ళ వయసులో మొదటిసారి విమానంలో ఎక్కి ఒక చిన్న చక్కర్ కొట్టారు. ఎప్పటికైనా పైలట్ కావాలని అప్పుడే మనసులో పెట్టుకున్నారు. 15 ఏళ్ళంటే మనకంటే ఒక్క ఏడు పెద్ద.

ఆయన చదువు ఒక్కచోట సాగలేదు. ఫ్రాన్సులో కొన్నాళ్ళు, బొంబాయిలో కొన్నాళ్ళు, జపానులో కొన్నాళ్ళు చదివారు. ఇంగ్లండులో ఇంజినీరింగ్ చదవాలని ఆశ ఉండేది. కానీ 1925లో తండ్రి బొంబాయికి పిలిపించి కంపెనీ పనిలో పెట్టారు. 1926లో తండ్రి చనిపోయారు. ఇంటి బరువు మీద పడింది. కాలేజీ డిగ్రీ ఆయనకు చివరిదాకా లేదు. విమానం ఆశ మాత్రం పోలేదు.

మొదటి లైసెన్సు

బొంబాయిలో ఫ్లయింగ్ క్లబ్బు పెట్టినప్పుడు ఆయన వెంటనే చేరారు. 1929 ఫిబ్రవరి 10న లైసెన్సు వచ్చింది. దాని మీద నంబరు 1. మన దేశంలో ఇచ్చిన మొదటి పైలట్ లైసెన్సు అదే. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్ళు.

ఆ సంవత్సరమే ఆగాఖాన్ గారు ఒక పోటీ పెట్టారు. ఇంగ్లండుకు, భారతదేశానికి మధ్య ఒంటరిగా, నెలలోపు విమానం నడిపిన మొదటి భారతీయుడికి 500 పౌండ్లు బహుమతి. ముగ్గురు ముందుకొచ్చారు. మన్‌మోహన్ సింగ్ (మన ప్రధానమంత్రి కాదు, వేరే ఆయన), ఆస్పీ ఇంజినీర్, జె.ఆర్.డి. టాటా. మొదటి ఇద్దరు ఇంగ్లండు నుంచి ఇటు రావాలి. జె.ఆర్.డి. కరాచీ నుంచి అటు పోవాలి.

మన్‌మోహన్ సింగ్ తన విమానానికి మిస్ ఇండియా అని పేరు పెట్టుకున్నారు. ఇంగ్లీషులో మిస్ అంటే కుమారి అని ఒక అర్థం, తప్పిపోవడం అని ఇంకొక అర్థం. ఆయన దారి తప్పుతూ తప్పుతూ పోతుంటే, ఈయన నిజంగానే ఇండియాను మిస్ అయ్యేటట్టు ఉన్నాడని అప్పటి ఒక విమానాల పత్రిక జోకు వేసింది. ఆయన అయినా వదిలిపెట్టలేదు, చివరికి ఒంటరిగా కరాచీ చేరారు. కానీ నెల గడువు దాటిపోయింది, బహుమతి రాలేదు.

1930 మేలో జె.ఆర్.డి. కరాచీలో బయల్దేరారు. ఎడారులు దాటి ఈజిప్టు దేశంలో అబూకిర్ అనే చోట దిగారు. అక్కడ ఎదురుగా వస్తున్న ఆస్పీ ఆగిపోయి ఉన్నారు. ఆయనకు అప్పటికి 17 ఏళ్ళు. ఇంజనుకు స్పార్క్ ప్లగ్గులు కావాలి, దొరకడం లేదు. జె.ఆర్.డి. దగ్గర ఎక్కువ ఉన్నాయి. ఇద్దరూ ఒకే బహుమతి కోసం పోతున్నారు. అయినా జె.ఆర్.డి. తన ప్లగ్గులు తీసి ఇచ్చారు. ఆ ప్లగ్గులతోనే ఆస్పీ కరాచీకి ముందు చేరి కొద్ది గంటల తేడాతో గెలిచారు. తర్వాత ఆ ఆస్పీయే మన వాయుసేనకు అధిపతి అయ్యారు. ఓడిపోయిన ఆ ప్రయాణం గురించి జె.ఆర్.డి. ఎన్నడూ బాధపడినట్టు నేను చదవలేదు.

కండ్లతో దారి పట్టడం ఎట్ల?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. విమానం ఎక్కకముందే పైలట్ మ్యాపు మీద ఒక గీత గీస్తాడు. బయల్దేరే ఊరి నుంచి చేరే ఊరికి స్కేలు పెట్టి నిటారుగా గీసిన గీత. ఆ గీత ఉత్తరం దిక్కుకు ఎన్ని డిగ్రీలు తిరిగి ఉందో కోణమానినితో కొలుస్తాడు. మన జామెట్రీ బాక్సులో ఉన్న కోణమానినిలాంటిదే. తర్వాత పొడవు కొలుస్తాడు. ఇప్పుడు పైలట్లు ఎక్కువగా వాడే మ్యాపుల్లో 1 సెంటీమీటరు అంటే నేల మీద 10 కిలోమీటర్లు. ఇంకా వివరంగా కావాలంటే 1 సెంటీమీటరుకు 5 కిలోమీటర్ల మ్యాపు వాడతారు.

ఆ మ్యాపుల్లో జిల్లాల రంగులు ఉండవు. ఎత్తును బట్టి రంగులు ఉంటాయి. నదులు, పెద్ద చెరువులు, రైలు పట్టాలు, పెద్ద రోడ్లు, కరెంటు లైన్లు, ఎత్తైన చిమ్నీలు ఉంటాయి. చిమ్నీ పక్కన దాని ఎత్తు కూడా రాసి ఉంటుంది, ఎందుకంటే తగిలితే ప్రాణం పోతుంది. మనం చదివే మ్యాపులో పేరు ముఖ్యం. పైలట్ మ్యాపులో కనబడేది ముఖ్యం.

తర్వాత లెక్క. విమానం గంటకు 160 కిలోమీటర్లు పోతే 6 నిమిషాలకు 16 కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి మన రామగుండానికి నిటారుగా సుమారు 180 కిలోమీటర్లు. గాలి లేకపోతే 1 గంట 8 నిమిషాలు పడుతుంది. సుమారు 48 నిమిషాలకు కరీంనగర్ దగ్గరి దిగువ మానేరు డ్యాం నీళ్ళు కనబడాలి. ఆ తర్వాత 20 నిమిషాలకు రామగుండం చిమ్నీలు, వాటి అవతల గోదావరి, మంచిర్యాల పోయే రైలు బ్రిడ్జి కనబడాలి.

ఇక్కడ ఒక నియమం ఉంది. ముందు గడియారం చూడాలి, తర్వాత మ్యాపు చూడాలి, ఆ తర్వాతే నేల చూడాలి. ఇన్ని నిమిషాలైంది కాబట్టి మ్యాపులో ఇక్కడ ఉండాలి, కాబట్టి కింద ఇది కనబడాలి అని వెతకాలి. ఉల్టా చేస్తే మోసపోతాం. మన తెలంగాణలో ఎన్ని చెరువులున్నాయి! పైనుంచి చూస్తే అన్నీ ఒక్క తీరుగనే ఉంటాయి. ఏదో ఒక చెరువును చూసి ఇదే మానేరు డ్యాం అని మనసుకు నచ్చజెప్పుకుంటే పని అయిపోయినట్టే. అందుకే ఒక్క గుర్తును నమ్మొద్దు. నది, నది మీద రైలు బ్రిడ్జి, పక్కన చిమ్నీలు, మూడూ కలిస్తేనే అది రామగుండం.

గాలి సంగతి కూడా చూడాలి. గోదావరి మీద పడవ నడిపేటోళ్ళను చూడండి. ఎదురుగా ఉన్న రేవుకు పోవాలంటే పడవ ముక్కును కొంచెం ఎగువకు పెడతారు. నీళ్ళు దిగువకు తోస్తాయి కాబట్టి పడవ సరిగ్గా రేవుకే చేరుతుంది. విమానం కూడా అంతే. గాలి ఎడమ నుంచి తోస్తే ముక్కును కొంచెం ఎడమకు పెట్టాలి.

అట్ల పెట్టకపోతే ఏమైతది? పైలట్లు వాడే ఒక సులువైన లెక్క ఉంది. 1 డిగ్రీ తప్పితే 60 కిలోమీటర్లు పోయేసరికి 1 కిలోమీటరు పక్కకు పోతాం. 5 డిగ్రీలు తప్పి 600 కిలోమీటర్లు పోతే 50 కిలోమీటర్లు పక్కన తేలుతాం. గోదావరిఖని పోవాల్సినోళ్ళు ఏ అడవిలోనో ఉంటారు. మొదట్లో చిన్నగా ఉన్న తప్పు పోను పోను పెద్దదైతది. అందుకే మంచి పైలట్ పదేసి నిమిషాలకు ఒకసారి తాను ఎక్కడున్నాడో సరిచూసుకుంటాడు.

1932 అక్టోబర్ 15

ఆ రోజుల్లో లండన్ నుంచి ఉత్తరాలు విమానంలో కరాచీ దాకా వచ్చేవి. అక్కడి నుంచి బొంబాయికి, మద్రాసుకు రైల్లో రావాల్సిందే. నెవిల్ విన్సెంట్ అనే పైలట్, ఆ ఉత్తరాలను కరాచీ నుంచి మద్రాసుకు మనమే విమానంలో తీసుకుపోదామని టాటా కంపెనీకి చెప్పారు. జె.ఆర్.డి.కి ఆ మాట నచ్చింది. పెద్దవాళ్ళను ఒప్పించి, సర్కారుతో మాట్లాడి, పని మొదలుపెట్టేసరికి కొన్నేళ్ళు పట్టింది.

1932 అక్టోబర్ 15న పొద్దున 6 గంటల 35 నిమిషాలకు జె.ఆర్.డి. ఒక్కరే కరాచీలో పుస్ మాత్ అనే చిన్న విమానంలో లేచారు. ఒకటే ఇంజను. సీటు మీద కప్పు ఉంది. రెక్క పైన ఉంది కాబట్టి కిందికి చూపు బాగా పారుతుంది. లోపల 25 కిలోల ఉత్తరాల సంచి. కండ్లకు అద్దాలు, చేతిలో లెక్కలు చేసే స్లైడ్ రూల్. స్లైడ్ రూల్ అంటే జరిపి లెక్క చూసుకునే స్కేలు, అప్పటి ఇంజినీర్లకు అదే క్యాలిక్యులేటర్. రేడియోలో దారి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

కరాచీ నుంచి అహ్మదాబాద్‌కు నిటారుగా సుమారు 600 కిలోమీటర్లు. మ్యాపులో చూడండి. మొదట సింధు నది సముద్రంలో కలిసే చోట చీలిపోయిన పాయలు వస్తాయి. తర్వాత కచ్ రణ్ అనే ఉప్పు మైదానం. తెల్లగా, చదునుగా, ఊరు లేకుండా, రైలు పట్టా లేకుండా ఉంటుంది. అక్కడ కంటికి ఏ గుర్తూ దొరకదు. అటువంటి చోట దిక్సూచిని, గడియారాన్ని నమ్ముకొని ముక్కు కదలకుండా పోవాలి. ఏమీ కనబడకపోయినా నిదానంగా ఉండడం కూడా ఈ విద్యలో ఒక పాఠం.

అహ్మదాబాద్‌లో దిగితే పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి. పెట్రోలు పోయించుకొని మళ్ళీ లేచారు. అక్కడి నుంచి బొంబాయికి సుమారు 440 కిలోమీటర్లు. ఇది సులువైన దారి. దక్షిణానికి పోతుంటే కుడి చేతి పక్క సముద్రం ఉంటుంది. నర్మద, తాపి నదులు సముద్రంలో కలిసే చోట్లు వరుసగా వస్తాయి. కింద రైలు పట్టా కూడా ఉంటుంది. మధ్యాహ్నం 1 గంట 50 నిమిషాలకు బొంబాయి జుహులో దిగారు.

మీరు లెక్క చేసి చూడండి. గంటకు 160 కిలోమీటర్లు వేసుకుంటే 600 కిలోమీటర్లకు 3 గంటల 45 నిమిషాలు, 440 కిలోమీటర్లకు 2 గంటల 45 నిమిషాలు. అహ్మదాబాద్‌లో ఆగిన సమయం కలిపితే సరిగ్గా ఆయన తీసుకున్న 7 గంటల 15 నిమిషాలకు దగ్గరగా వస్తుంది. అంటే ఆయన దారిలో ఎక్కువ వంకర తిరగలేదన్నమాట. ఈ లెక్క కుదిరినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

జుహులో సిమెంటు రన్‌వే లేదు, సముద్రం పక్కన బురద నేల. వానాకాలం నీళ్ళు నిండితే విమానాలను పూనాకు మార్చేవాళ్ళు.

మన తెలుగు నేల మీదుగా

బొంబాయి నుంచి మద్రాసుకు ఆ సంచిని విన్సెంట్ తీసుకుపోయారు. రాత్రి బళ్ళారిలో ఆగి మరునాడు మద్రాసు చేరారు. రాత్రి ఎందుకు ఆగారంటే, చీకట్లో నది కనబడదు, పట్టా కనబడదు. కండ్లే దిక్కైనప్పుడు పొద్దు గూకకముందే దిగాలి.

బళ్ళారి ఇప్పుడు కర్ణాటకలో ఉంది. అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అక్కడ తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ఊరి నడుమ పెద్ద రాతిగుట్ట, దాని మీద కోట ఉన్నాయి. పైనుంచి వచ్చేవాళ్ళకు అంతకంటే మంచి గుర్తు ఏముంటుంది? బొంబాయి నుంచి అక్కడికి రావాలంటే పడమటి కనుమలు దాటాలి, కృష్ణా నది దాటాలి, తుంగభద్ర దాటాలి. బళ్ళారి నుంచి మద్రాసు పోవాలంటే గుంతకల్లు, కడప, రేణిగుంట మీదుగా పోయే రైలు పట్టా ఉంది. మన తాతల కాలంలో రాయలసీమ రైతులు తల ఎత్తి ఆ చిన్న విమానాన్ని చూసే ఉంటారు. తర్వాత కొన్నాళ్ళకు బళ్ళారి బదులు హైదరాబాద్ మీదుగా విమానం పోవడం మొదలైంది.

మొదటి సంవత్సరంలోనే వాళ్ళ విమానాలు 1,60,000 మైళ్ళు తిరిగాయి. 155 మంది ప్రయాణికులను, దాదాపు పది టన్నుల ఉత్తరాలను తీసుకుపోయాయి.

1938లో జె.ఆర్.డి. టాటా కంపెనీలన్నిటికీ అధ్యక్షుడయ్యారు. 1946లో ఆ విమానాల కంపెనీకి ఎయిర్ ఇండియా అని పేరు వచ్చింది. 1948 జూన్ 8న బొంబాయి నుంచి లండన్‌కు మలబార్ ప్రిన్సెస్ అనే పెద్ద విమానం బయల్దేరింది. 1953లో ప్రభుత్వం విమాన కంపెనీలను తీసుకుంది. అయినా 1978 దాకా ఎయిర్ ఇండియాకు జె.ఆర్.డి. గారే అధ్యక్షులు.

ఆడపిల్లలకు ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. నిజాం ప్రభుత్వం, టాటా వాళ్ళు కలిసి హైదరాబాద్‌లో దక్కన్ ఎయిర్‌వేస్ అనే కంపెనీ నడిపారు. ప్రేమ్ మాథుర్ అనే ఆమె 1947లో లైసెన్సు తీసుకుంది. చాలా కంపెనీలు ఆడమనిషి అని పని ఇవ్వలేదు. ఈ దక్కన్ ఎయిర్‌వేస్ ఇచ్చింది. మన దేశంలో ప్రయాణికుల విమానం నడిపిన మొదటి మహిళ ఆమెనే. అది జరిగింది మన హైదరాబాద్ కంపెనీలో.

చివరి రోజులు

1982 అక్టోబర్ 15న, మొదటి ప్రయాణానికి 50 ఏళ్ళు నిండిన రోజున, జె.ఆర్.డి. మళ్ళీ లెపర్డ్ మాత్ అనే పాత చిన్న విమానంలో కరాచీ నుంచి బొంబాయి వచ్చారు. అప్పుడు ఆయన వయసు 78 ఏళ్ళు. మన గూడెంలో ఆ వయసు తాతలు మంచం మీద కూర్చుంటారు. 1992లో భారతరత్న ఇచ్చారు. 1993 నవంబర్ 29న జెనీవాలో చనిపోయారు. పారిస్‌లో సమాధి చేశారు. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా మళ్ళీ టాటా వాళ్ళ చేతికి వచ్చింది. అది చూడడానికి ఆయన లేరు.

ఇప్పుడు పెద్ద విమానాలు రాత్రి, మబ్బు, వాన ఏది ఉన్నా యంత్రాలతో, ఉపగ్రహాలతో పోతాయి. అయినా పైలట్ కావాలంటే మొదట మ్యాపు చూసి, నేల చూసి నడపడమే నేర్పిస్తారు. అట్ల నడిపేవాళ్ళు మబ్బులోకి పోకూడదు, ముందు కొన్ని కిలోమీటర్ల దూరం స్పష్టంగా కనబడాలి. మన దేశంలో చీకటి పడ్డాక మామూలుగా దానికి అనుమతి లేదు.

మనకేం పనికొస్తది?

మా తాత ఎన్నడూ బడికి పోలేదు. తునికాకుకు, ఇప్పపూలకు అడవిలకు పోతే పొద్దుమీకి సరిగ్గా గూడెం చేరుతడు. ఎట్ల అంటే గుట్ట కొస ఏ పక్క ఉన్నదో చూస్తడు, వాగు ఎటు పారుతున్నదో చూస్తడు, పెద్ద మద్దిచెట్టు దాటినమా లేదా చూస్తడు. రెండు మూడు గుర్తులు కలిస్తేనే నమ్ముతడు. జె.ఆర్.డి. గారి గురించి చదువుతుంటే నాకు తాతనే కండ్ల ముందట మెదిలిండు. ఇద్దరి విద్యా ఒక్కటే. తేడా ఏందంటే ఆయన దగ్గర మ్యాపు ఉన్నది, తాత దగ్గర లేదు.

మా దగ్గర పెద్దోళ్ళకు మ్యాపు అంటే భయం. ఎవరన్నా మ్యాపు పట్టుకొని గూడెంకు వస్తే, ఇగ ఊరు లేవాలెనేమో, పోడు పోతదేమో అని గుసగుసలు మొదలైతయి. ఆ కాగితంల ఏమున్నదో వాళ్ళకు చదవరాదు. వచ్చినోళ్ళు వేలుపెట్టి ఇది ఇక్కడ అంటే అవునని తల ఊపుతరు. మ్యాపు చదవరాకపోతే మన ఇల్లు ఏ గీత లోపల ఉన్నదో, ఏ గీత అవతల ఉన్నదో మనకే తెలియదు. అందుకే సోషల్ పరీక్షలో మ్యాపు ప్రశ్నను వదిలిపెట్టేవాళ్ళకు నేను చెప్పేది ఏమిటంటే, అది మార్కుల కోసం మాత్రమే కాదు.

ఇంకొక సంగతి. మ్యాపును కూడా గుడ్డిగా నమ్మొద్దు. మన గనుల ప్రాంతంలో నేల ఊరికే మారుతుంది. ఓపెన్‌కాస్ట్ గనులు వచ్చిన చోట లోతైన గుంతలు పడ్డాయి, పక్కన మట్టి దిబ్బలు గుట్టల్లాగా లేచాయి. ఎల్లంపల్లి ప్రాజెక్టు కట్టాక గోదావరి నీళ్ళు కొత్త చోట్ల నిలిచాయి. బసంత్‌నగర్ దగ్గర పాత రన్‌వే ఉంది గానీ అక్కడికి ప్రయాణికుల విమానాలు రావడం ఎప్పుడో ఆగిపోయింది. పాత మ్యాపు పట్టుకొని వచ్చే పైలట్‌కు ఇవన్నీ తిరకాసే. పాత మ్యాపులో లేని గుట్ట కనబడితే తన కండ్లు తప్పని అనుకోకూడదు, మ్యాపు పాతదని తెలుసుకోవాలి. మన గూడెం మ్యాపులో లేకపోతే మన గూడెం లేనట్టు కాదు. గీసినవాళ్ళు ఇంకా గీయలేదు, అంతే.

పదో తరగతి అయినంక దూరం పోయి చదవమంటే మనలో చాలామంది పెద్ద పట్నంలో దారి తప్పుతమని భయపడి ఇంటికాడనే ఆగిపోతున్నారు. ఇంట్లోవాళ్ళు కూడా ఆ భయంతోనే పంపడం లేదు. మన కంటే ముందు ఎవరూ పోలేదు కాబట్టి అడుగుదామంటే కూడా ఎవరూ లేరు. కానీ ఎక్కడ బయల్దేరినమో, ఎన్ని గంటలైందో, ఇప్పుడు పక్కన ఏమి కనబడుతున్నదో ఈ మూడు తెలిసినవాళ్ళు పూర్తిగా తప్పిపోరు. కొంచెం పక్కకు పోతే అప్పుడే సరిచేసుకుంటారు.

ఈ వ్యాసం కింద ఒక తెల్ల చార్టు అంటించాను. దాని మీద గోదావరిని, రైలు పట్టాను, రామగుండం చిమ్నీలను, మంచిర్యాల బ్రిడ్జిని, మన హాస్టల్‌ను 1 సెంటీమీటరుకు 1 కిలోమీటరు చొప్పున గీశాను. ఉత్తరం గుర్తు పైన ఉంది. దారంతో ఒక పెన్సిల్ కట్టాను. ప్రతి ఒక్కరూ మీ గూడెం హాస్టల్‌కు ఏ దిక్కున ఉంది, ఎన్ని కిలోమీటర్లు, పక్కన ఏ వాగు, ఏ గుట్ట ఉన్నాయో మీ ఇంటికాడ అడిగి తెలుసుకొని చుక్క పెట్టి పేరు రాయండి. చార్టు చాలకపోతే ఇంకొక చార్టు అతికిద్దాం. పెన్సిల్ మాత్రం ఎత్తుకపోకండి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి